పొడుగు చెవులది ఎక్కిన పడవ

పోర్జ్-గ్వెన్,
ఏప్రిల్ 18, 1974

దీపం కాసే మా అన్నయ్యకి,

ముందు ఆ దుర్భిణి కింద పెట్టు. పెట్టావా? ఇప్పుడు చదువు. వచ్చే మంగళవారం మధ్యాహ్నం నీకు దీపం అద్దాలు తుడిచే పని ఉంటుంది, ఇత్తడి తోమే పని ఉంటుంది, ఏదో ఒకటి ఉంటుంది. మా రేవు వైపు మాత్రం చూడకు. చూశావని తెలిసిందో, ఈ చలికాలం అమ్మ అల్లే మేజోళ్లు నీ దాకా రావు. రెండు జతలూ నేనే తొడుక్కుంటాను.

సంగతి చెబుతాను, నవ్వకు. ఈ ఏడు నాకు పెద్ద తరగతి ఇచ్చారని రాశాను కదా. ఇక్కడి బళ్లో పెద్ద తరగతికి ఈస్టర్ సెలవులు అయిన దగ్గర్నుంచి వేసవి సెలవుల దాకా మంగళవారం మధ్యాహ్నాలు పాఠాలుండవు. సముద్రం మీదికి పోయి తెరచాప పడవ నడపడం నేర్చుకుంటారు. ఆరేళ్లప్పటి నుంచి ఆ మంగళవారాల కోసమే బడికొస్తారు వీళ్లు. ఒక్కొక్కరికి ఒక్కొక్క బుల్లి పడవ. దాని ముందు వైపు చదరంగా ఉంటుంది, సబ్బుపెట్టెకి దుప్పటి కట్టినట్టు. అందుకే వాటిని సబ్బుపెట్టెలనే అంటారు. ఇన్నాళ్లూ టీచర్ల పని గట్టు మీద నిలబడి పిల్లల కోట్లు పట్టుకోవడం. అది నాకు బాగానే వచ్చు కాబట్టి ధైర్యంగా ఉన్నాను. నిన్న హెడ్‌మిస్ట్రెస్ పిలిచింది.

"మరివోన్, కొత్త నిబంధన వచ్చిందమ్మా. టీచర్ కూడా నీళ్ల మీద ఉండాలిట. గట్టు మీదుంటే కుదరదుట."

"నేను ఎక్కకపోతేనండీ?"

"పిల్లలూ ఎక్కరు. షికార్లన్నీ రద్దు. జూన్‌లో రోజంతా వెళ్లే పెద్ద షికారు కూడా పోతుంది."

అన్నయ్యా, మనం ఆర్టిచోక్ కూరగాయల తోటల వాళ్లం. మన వంశంలో నీళ్లంటే బావిలో ఉండాలి, కాకపోతే సూపులో ఉండాలి. నువ్వొక్కడివే దారితప్పి దీవిలో పడ్డావు. మూడేళ్లుగా ప్రతి ఈస్టర్‌కీ రమ్మంటావు, ప్రతిసారీ నేను టపా పడవ దాకా వస్తాను, గట్టుకీ పడవకీ మధ్య ఆ జానెడు ఖాళీలో నల్లటి నీళ్లు చూస్తాను, ఆ పడవ నడిపే జోబ్ చేతిలో నీ ఉత్తరం పెట్టి ఇంటికొచ్చేస్తాను. మా కిటికీలోంచి నీ దీపం కనిపిస్తుంది. అరగంట నీళ్లు. ఆ అరగంట దాటలేక ఉత్తరాలు రాసుకుంటున్న అన్నాచెల్లెళ్లు ఫ్రాన్సు మొత్తం మీద మనమే అయ్యుంటాం.

ఇప్పుడు ఏం చెయ్యను? పిల్లలకి ఈ నిబంధన గురించి ఇంకా తెలీదు. ఇవాళ పొద్దున కతెల్ అనే పిల్ల నా బల్ల మీద ఒక గులకరాయి పెట్టి, "మంగళవారం మంచి గాలి రావాలని, టీచర్" అంది. పదేళ్ల పిల్ల. ఆ రాయి ఇంకా అక్కడే ఉంది, తియ్యలేకపోయాను.

నీ పిరికి చెల్లెలు,
మరివోన్

*

ఎనెజ్ వియన్ దీపస్తంభం,
ఏప్రిల్ 26

పిరికి చెల్లెలికి,

నీ ఉత్తరం జోబ్ ఇవాళే తెచ్చాడు, అంటే మంగళవారం అయిపోయాక. కాబట్టి దుర్భిణి కింద పెట్టమన్న సంగతి నాకు ఆ రోజు తెలీదు. చట్టప్రకారం నేను నిర్దోషిని.

ఏం చూశానో చెప్పనా? రేవు మెట్ల మీద ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక మనిషి. ఒక మెట్టు దిగుతుంది, రెండు ఎక్కుతుంది. ఈ లెక్కన సాయంత్రానికి చర్చి గంట దగ్గరికి చేరి ఉండాలి. తర్వాత ఆ మనిషి పెద్ద పడవలోకి కూర్చునే దిగింది, మెట్టు తర్వాత మెట్టు, గౌను తడుపుకుంటూ. నేనిక్కడ కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఆపైన ఏమైందో నాకర్థం కాలేదు. పడవ రేవు దాటి గట్టిగా అయిదు నిమిషాలు కాలేదు, వెనక్కి తిరిగింది. అందరూ దిగారు. ఒక ముసలాయన పడవలోకి బకెట్లతో నీళ్లు పోసి కడగడం మొదలుపెట్టాడు. కక్కేశావా ఏంటి?

అదే అయితే సిగ్గుపడకు. ఇన్నేళ్లు నీకు చెప్పలేదు గానీ, నేను జోబ్ పడవలో వచ్చేటప్పుడు అడుగున పడుకుని మొహం మీద గోనె కప్పుకుంటాను. జోబ్ నన్ను కూడా టపాలోనే జమకట్టుకుంటాడు.

మొత్తానికి ఎక్కావు కదే! వెధవ నీళ్లు, ఏం చేస్తాయి నిన్ను? ఇంకోసారి ఎక్కు.

అన్నట్టు, మన తోటలో క్యాబేజీ మిగిలితే జోబ్‌తో ఒక బుట్ట పంపు. పై ఆకులు కూడా తీసెయ్యకు. ఈ మధ్య క్యాబేజీ మీద మోజు పుట్టింది.

గుల్వెన్

*

పోర్జ్-గ్వెన్,
మే 2

అన్నయ్యా,

కక్కలేదు. అంతకంటే ఘోరం చేశాను.

ఆ ముసలాయన పేరు తుద్వాల్. నలభై ఏళ్లు ట్యూనా చేపల వేటకి వెళ్లొచ్చిన మనిషి, ఇప్పుడు పిల్లలకి పడవ నేర్పుతున్నాడు. కతెల్ ఆయన మనవరాలే. పెద్ద పడవ ఆయన సొంతం. చుక్కాని దగ్గర ఆయన కూర్చుంటాడు, సబ్బుపెట్టెలు వెనకాల బాతుపిల్లల్లా వస్తాయి. నేను పడవ అడుగున, తెరచాప కొయ్యని రెండు చేతులా కౌగిలించుకుని కూర్చున్నాను. నా భయం పోగొట్టుకోవాలి, పిల్లల్ని మంచి చేసుకోవాలి అనుకుని, అమ్మ పంపిన సీసా తీశాను. అదే, రొట్టె మీద రాసుకునేది. తీసి సంతోషంగా, గొంతెత్తి, చుట్టుపక్కల సబ్బుపెట్టెలకి కూడా వినపడేలా, "ఎవరికి కావాలర్రా కుందేలు మాంసం? మా అమ్మ చేసింది!" అన్నాను.

గాలి కూడా ఆగిందనిపించింది. ఎఫ్లమ్ అనే పిల్లాడు దోషం తగలకుండా గబుక్కున ఇనప కొక్కేన్ని ముట్టుకున్నాడు. ఇంకో పిల్ల సిలువ గుర్తు వేసుకుంది. తుద్వాల్ గారి నోట్లోంచి పైపు జారింది.

"ఏమన్నారు టీచరమ్మా?"

"కుందే—"

"ఆపండి! మళ్లీ అనకండి!"

మన కొండ పక్క పల్లెల్లో ఎవరు చెబుతారు ఇవన్నీ? ఇక్కడ పడవలో ఆ పేరు తలవకూడదుట. తలిస్తే పడవ మునుగుతుందిట. వెనకటికి ఓడల్లో బోన్లలో పెట్టి తీసుకెళితే తప్పించుకుని తాళ్లు కొరికేసి, పలకల సందుల్లో కుక్కిన నార కొరికేసి, ఓడలకి ఓడలే ముంచాయిట. తప్పనిసరైతే "పొడుగు చెవులది" అనాలి. నేను పేరు తలవడమే కాదు, దాన్ని సీసాలో పెట్టి పడవ ఎక్కించాను. ఆయన పడవ వెనక్కి తిప్పేసి, నన్ను దించి, సీసా దించి, పడవంతా కడిగాడు. నా వైపు చూసి, "నా సర్వీసులో మూడు తుఫాన్లు చూశానమ్మా. ఇలాంటిది చూళ్లేదు" అన్నాడు.

ఈ మంగళవారం ఆయన నన్ను ఎక్కించుకోలేదు. నేను ఎక్కలేదు కాబట్టి పిల్లలూ ఎక్కలేదు. ఇప్పుడు నిబంధన సంగతి వాళ్లకి తెలిసిపోయింది. తరగతిలో నా మొహం ఎవరూ చూడటం లేదు. భిన్నాలు చెబుతుంటే అందరూ కిటికీలోంచి గాలి ఎటు వీస్తోందో చూస్తున్నారు. ఇన్నాళ్లు నాకు భయంగా ఉండి ఎక్కనన్నాను. ఇప్పుడు ఎక్కుతానన్నా ఎక్కించుకునేవాడు లేడు. ఏడుపొస్తోంది.

క్యాబేజీలు పంపాను. చిన్నప్పుడు క్యాబేజీ సూపు చూస్తే బల్ల కింద దాక్కునేవాడివి, నీకు మోజేమిటి?

మరివోన్

*

ఎనెజ్ వియన్,
మే 10

చెల్లీ,

నవ్వీ నవ్వీ మెట్ల మీద కూలబడ్డాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకో అడక్కు.

ఒక్క మాట మాత్రం విను. తుద్వాల్ గారి ముందు గానీ, జోబ్ ముందు గానీ, నా పేరూ ఆ పొడుగు చెవులదాని పేరూ ఒకే వాక్యంలో రానివ్వకు. ఊరికే చెబుతున్నా.

నువ్వు ఏడవకు. ఆ ముసలాయన దగ్గరికి నువ్వే వెళ్లు. సముద్రం వాళ్లు మనవాళ్లలాంటి వాళ్లే, ఎదురుగా నిలబడి తిట్టించుకున్న వాళ్ల మీద ఎక్కువసేపు కోపం ఉంచుకోరు.

క్యాబేజీలు అందాయి. రెండు రోజుల్లో అయిపోయాయి. ఈసారి రెండు బుట్టలు పంపగలవా? క్యారెట్ కాడలున్నా సరే.

గుల్వెన్

*

పోర్జ్-గ్వెన్,
మే 30

అన్నయ్యా! అన్నయ్యా! అన్నయ్యా!

మూడు వారాలు రాయలేదని తిట్టకు. తీరిక లేదు. నేను బడికి పోతున్నాను. చెప్పడానికి కాదు, చదువుకోడానికి.

నువ్వన్నట్టే తుద్వాల్ గారి ఇంటికెళ్లాను. ఆయన వలకి అతుకు వేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"పడవలో బరువు కావాలంటే నాకు రాళ్లున్నాయి టీచరమ్మా. ఊరికే కూచునే మనిషిని నేనెక్కించుకోను. పడవ తిప్పడం వస్తేనే రండి."

"నాకు నేర్పేదెవరండీ?"

"నేను మాత్రం కాదు."

లోపల్నుంచి కతెల్ వచ్చింది, నోట్లో ఉప్పు వెన్న రాసిన రొట్టె. "మేం నేర్పుతాం తాతా" అంది, అదేదో పావురాలకి గింజలు వేస్తామన్నంత తేలిగ్గా.

మర్నాటి నుంచి సాయంత్రాలు బడి వెనక గడ్డిలో నాకు తరగతి. ఒక సబ్బుపెట్టె తెచ్చి గడ్డి మీద పెట్టారు. అందులో నేను పట్టను, అయినా ఇరుక్కుని కూర్చోవాలి. చుక్కానికి బదులు చీపురుకట్ట. తెరచాపకి బదులు నా దుప్పటి. గాలి ఎక్కణ్నుంచి? పిల్లలే ఒకవైపు నిలబడి ఉఫ్ ఉఫ్ అని ఊదుతారు. కతెల్ చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తుంది. సరిగ్గా నేను లెక్కలు చెప్పేటప్పుడు చేసినట్టే, చివర్లో ఆ దగ్గు కూడా దగ్గుతుంది. ఇన్నాళ్లు అది నాకుందని నాకే తెలీదు.

"టీచర్, గాలెటు?"

"అటు."

"చెంప మీద చూసుకోండి, మమ్మల్ని చూడకండి. అది కాపీ కొట్టడం." మొదటి రోజు నాకు పదికి రెండు మార్కులు వచ్చాయి. ఆ రెండూ తెరచాప కింది అడ్డకొయ్య తల మీదుగా తిరిగేటప్పుడు తల దించినందుకు.

చుక్కానితోనే పెద్ద గొడవ. దాన్ని కుడికి తోస్తే పడవ ఎడమకి పోతుంది. రెండు వారాలు బుర్రకెక్కలేదు. అప్పుడు మన బిచెట్ గుర్తొచ్చింది అన్నయ్యా! నాన్న కళ్లెం ఎటు లాగితే దానికి ఎదురువైపు పోయే మన మొండి గుర్రం! దాన్ని సంతకి తోలింది ఎవరు? నేను. నువ్వు ఎప్పుడూ కాలవలోనే తోలావు. "ఓహో, ఇది బిచెట్టా!" అన్నాను. ఆ క్షణం నుంచి నా చెయ్యి తప్పలేదు. ఎఫ్లమ్ మాత్రం బిచెట్ ఎవరో చెప్పేదాకా వదల్లేదు.

పోయిన మంగళవారం నీళ్ల మీద పరీక్ష. తుద్వాల్ గారు పైపు కొరుకుతూ ఎదురుగా కూర్చున్నాడు. ఛాతీ లోతు నీళ్లలో ముందు పడవ తిరగేయించాడు, అందరికీ మొదటి పాఠం అదేట. పడ్డాను. మునిగాను. ఉప్పు నీళ్లు మింగాను. పైకొచ్చి చూస్తే కాళ్లు నేల మీదే ఉన్నాయి, పిల్లలంతా చప్పట్లు కొడుతున్నారు, నేను నవ్వుతున్నాను. ఇరవై అయిదేళ్లుగా దేనికి భయపడ్డానో అది నా జుట్టులోంచి కారుతోంది! తర్వాత చుక్కాని నా చేతికిచ్చాడు. తాడు బిగించాను. తెరచాప చటుక్కున నిండింది, పడవ ఒక పక్కకి ఒరిగి పరిగెత్తింది, నా నోట్లోంచి పిచ్చి కేక వచ్చింది. నీకు వినపడలేదూ?

ఆయన నోట్లోంచి పైపు తీశాడు. "బండి తోలినట్టు తోలుతున్నారు. పోనీలెండి, పోతోంది."

షికార్లు మళ్లీ మొదలయ్యాయి! ఇంకా అసలు సంగతి చెప్పలేదు. జూన్ 20, గురువారం, పెద్ద షికారు. ఎక్కడికెళ్లాలో పిల్లలు చేతులెత్తి తేల్చారు. నీ దీవికి. నేనేం చెప్పలేదు, ఒట్టు. అందరూ ఎత్తాక నేనూ ఎత్తాను, రెండు చేతులూ.

వస్తున్నాను అన్నయ్యా. మూడేళ్ల తర్వాత నీ ఇంటికొస్తున్నాను.

నావికురాలు మరివోన్

*

ఎనెజ్ వియన్,
జూన్ 7

చెల్లీ,

నువ్వు పడవ నడిపిన రోజు దుర్భిణిలో చూశాను. గర్వంగా ఉంది. ఎంత గర్వమో రాయడం చేతకావడం లేదు.

కానీ ఇక్కడికి వద్దు. రాళ్లెక్కువ, దిగే చోటు బాగోదు, ఇంటికి సున్నం వెయ్యలేదు. పిల్లల్ని తూర్పున ఇసక దిబ్బలకి తీసుకెళ్లు, గవ్వలు బాగుంటాయి. మనం ఇంటి దగ్గర సెలవుల్లో కలుద్దాం.

ఈసారి క్యాబేజీలు వద్దులే.

గుల్వెన్

*

పోర్జ్-గ్వెన్,
జూన్ 13

గుల్వెన్ గారికి,

రాళ్లున్నాయా? తుద్వాల్ గారు నీ రాళ్లలో పుట్టి పెరిగాడు. సున్నం లేదా? నేను నీ గోడలు చూడటానికి రావడం లేదు.

మూడేళ్లు రారమ్మని ప్రాణం తీశావు. రాలేకపోయిన ప్రతిసారీ ఇంటికొచ్చి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను, నీకు చెప్పలేదు. ఇప్పుడు చీపురుకట్ట పట్టుకుని, పదేళ్ల పిల్లల చేత మొట్టికాయలు తిని, ఉప్పు నీళ్లు తాగి నేర్చుకున్నాను. నేర్చుకుంది ఇసక దిబ్బల కోసం కాదు. నీ దగ్గరేదో ఉంది, దాస్తున్నావు. ఎవరైనా అమ్మాయి ఉంటే వదిన అని పిలుస్తాను, నాకేం అభ్యంతరం లేదు. ఆ అమ్మాయికి క్యాబేజీ ఇష్టమని కూడా అర్థమైంది.

గురువారం వస్తున్నాను. తలుపు వేసుకుంటే తలుపు ముందు కూర్చుంటాను.

మరివోన్

*

ఎనెజ్ వియన్ దీపస్తంభం,
జూన్ 20, సాయంత్రం

చెల్లీ,

వెలుతురు ఇంకా ఉంది, దీపం వెలిగించడానికి టైముంది. నీ కిటికీకి తెల్ల దుప్పటి వేలాడుతోంది. అందుకే కుదురుగా కూర్చుని రాస్తున్నాను. జరిగినదంతా నీకూ తెలుసు. అయినా నావైపు నుంచి రాయకపోతే పగిలిపోతాను. ఇక్కడ వినేవాళ్లెవరూ లేరు, దొరసానికి చెబితే నములుతూ అటు తిరిగిపోతుంది.

దొరసాని. ముందు దాని సంగతి చెప్పాలి. అమ్మాయి లేదే మరివోన్, ఉంటే ఎంత బాగుండేది. రెండేళ్ల కిందట సెలవు నుంచి తిరిగొస్తూ మన పెరట్లోంచి ఒక బూడిద రంగు దాన్ని బుట్టలో పెట్టుకుని, పైన చొక్కాలు కప్పి, జోబ్ పడవలోనే తెచ్చాను. చలికాలం గాలి అరుస్తుంటే ఎదురుగా ఇంకో ప్రాణి ఉంటే చాలనిపించింది, అంతే. వచ్చేటప్పటికే అది కడుపుతో ఉందని నాకేం తెలుసు? ఇప్పుడు ఎన్నున్నాయో నాకే తెలీదు. జోబ్‌కి తెలిసిన రోజు నా టపా ఆగిపోతుంది. నీ ఉత్తరాలు ఆగిపోతాయి. అందుకే రావద్దన్నాను. దిండులో మొహం పెట్టుకుని ఏడ్చావని రాశావే, అది చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

పొద్దున మీ తెరచాపలు రేవు దాటినప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. దూరం ఎక్కువ కదా, పిల్లల్లో చాలామంది పెద్ద పడవలోనే ఉన్నారు, కతెల్ లాంటి గట్టివాళ్లు ఒకరిద్దరే సబ్బుపెట్టెల్లో. నువ్వు మొదట కొయ్యని కౌగిలించుకున్నావు. కొంచెం దూరం వచ్చాక ఒక చెయ్యి వదిలావు. సగం దూరంలో నిలబడి పిల్లలకి నా దీపస్తంభం చూపించావు. దుర్భిణి మసకబారింది, తుడిచాను, అద్దం శుభ్రంగానే ఉంది.

నువ్వు మోకాలి లోతు నీళ్లలోకి దూకి వచ్చి నా భుజం మీద ఒక్కటిచ్చి, "ఇల్లు ఇంత చిన్నదా?" అన్నావు. నేను చేసిన వెన్న కేకు తిన్నావు. నువ్వు లోపల నా మంచం, నా కుండలు చూస్తున్నప్పుడు కింద ఏమైందో విను. వాటన్నిటినీ నూనె పీపాల గదిలో పెట్టి తలుపేశాను. ఎఫ్లమ్‌కి గోకుతున్న చప్పుడు వినపడింది. తీశాడు. మిగతావి గడ్డిలోకి పోయాయి. దొరసాని మాత్రం దొరసాని కదా, తిన్నగా ఒడ్డుకి నడిచి తుద్వాల్ గారి పడవలోకి దూకి, ఆయన కూర్చునే చోట కూర్చుని, ఆయన భార్య కట్టిచ్చిన రొట్టె తినడం మొదలుపెట్టింది.

నువ్వు బయటికొచ్చేసరికి ఆయన ఒడ్డున నిలబడి ఉన్నాడు. టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"గుల్వెన్, నా కళ్లు ముసలివి. ఆ కూచుంది పిల్లి కదా?"

పిల్లేనని అనేద్దామనుకున్నాను, ఈలోగా నోరు నువ్వు తెరిచావు. "పిల్లి కాదండీ, కు—" కతెల్ ఎగిరి రెండు చేతులతో నీ నోరు మూసింది. ఆ పిల్లకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

"అయిపోయింది" అన్నాడు ఆయన. "ఆ పడవ ఇక అయిపోయింది. నేనెక్కను." ఎఫ్లమ్, "మేమూ ఎక్కం, మా నాన్న చంపేస్తాడు" అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు పిల్లలంతా వెనక్కి జరిగారు. ఆటు మొదలైంది, నీళ్లు రాళ్ల మీంచి దిగిపోతున్నాయి. ఇంకాసేపైతే మీ రేవు ముందంతా బురద, రాత్రి దాకా ఎవరూ చేరలేరు. అవతల గట్టు మీద తల్లులు ఎదురుచూస్తున్నారు. నా మూలంగా నీ పెద్ద షికారు మొత్తం ఇలా అయిందని నాకు భూమిలోకి పోవాలనిపించింది.

అప్పుడు కతెల్ ఆలోచించింది. నీలాగే దగ్గింది.

"తాతా, టీచర్ వాళ్లింట్లో వాటిని వండుకు తింటారు కదా?"

"ఊఁ."

"అయితే అదే టీచర్ని చూసి భయపడాలి. టీచర్ దాన్ని చూసి ఎందుకు భయపడాలి? టీచర్ నడిపితే దోషం ఉండదు. పడవ తను బండి అనుకుంటుంది."

తుద్వాల్ గారు పైపు నోట్లో అటూ ఇటూ తిప్పాడు. నలభై ఏళ్ల సముద్రం ఆయన మొహంలో కనపడింది. "మట్టి మనిషి" అన్నాడు చివరికి. "మట్టి మనిషి చేతిలో అయితే... దానికి అడ్డేం లేదనుకుంటా."

అందరూ నీ వైపు చూశారు. పడవ ఎక్కడం వేరు, ఇంతమంది పిల్లలతో నడపడం వేరు, అది నాకు తెలుసు, నీకూ తెలుసు. నువ్వు గౌను ఎగ్గట్టి, పడవెక్కి, దొరసానిని మెడ తోలు పట్టి లేపి, తెచ్చి నా చేతుల్లో పడేశావు. "ఇదా నీ క్యాబేజీ మోజు!" అని నా చెవిలో అన్నావు. తర్వాత చుక్కాని దగ్గర కూర్చుని, "ఎక్కండర్రా. తలలు దించండి. చేరాక కిటికీకి దుప్పటి కడతా అన్నయ్యా!" అన్నావు. అంత గొంతు నీకెక్కడిదే?

కతెల్ నీ పడవలోకి ఎక్కింది, దాని సబ్బుపెట్టెలోకి తుద్వాల్ గారు ఎక్కాడు. ఎక్కాడంటే, కూరుకున్నాడు. మోకాళ్లు చెవుల దగ్గర, పైపు మోకాళ్ల మధ్య. నీ పక్కనే వస్తూ దారి పొడవునా అరుస్తూనే ఉన్నాడు. "తాడు వదలండి! అంత కాదు! ఇది సంత కాదు!" గాలి ఆ అరుపులన్నీ నా దాకా తెచ్చింది. సగం దూరంలో గాలి ఒక్కసారి తిరిగింది, నీ తెరచాప కొట్టుకుంది. నేను దీపపు గదిలోంచి, "బిచెట్! బిచెట్!" అని గొంతు చిరిగేలా అరిచాను. నీకు వినపడే దూరం కాదు. కానీ నీ చెయ్యి సరిగ్గా అటే తోసింది.

మీరు రేవు గోడ వెనక్కి వెళ్లిపోయాక ఇక ఏమీ కనపడలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. దుప్పటి కనపడింది. దొరసానిని ఎత్తుకుని దీపం చుట్టూ గంతులు వేశాను.

రేపు జోబ్ వస్తాడు. ఈపాటికి ఊరంతా తెలిసే ఉంటుంది. ఇక ఉత్తరాలు తెస్తాడో లేదో. ఇదే చివరిదైతే, నా ఇంటికొచ్చావు, అది చాలు అని రాసి ఆపుతున్నాను. అది అబద్ధం. చాలదు.

నీ అన్నయ్య,
గుల్వెన్

*

పోర్జ్-గ్వెన్,
జూన్ 23, ఆదివారం

అన్నయ్యా,

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు, చూశావా?

జోబ్ శుక్రవారం నీ ఉత్తరాన్ని పొయ్యి పటకారుతో పట్టుకుని తెచ్చి నా గుమ్మం ముందు పడేశాడు. అది నీ చొక్కాల బుట్టలో తన పడవ మీదే వచ్చిందని లెక్క కట్టి రోజంతా పడవ కడిగాడు. నీ దీవి రాయి ఇక తాకనని చర్చి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. మరి దీపం దగ్గరికి టపా ఎవరు తీసుకెళ్లాలి అని నిన్న కేఫ్‌లో పెద్ద పంచాయితీ. ఒక్క పడవ వాడూ ముందుకి రాలేదు. చివరికి తుద్వాల్ గారు లేచాడు. "దోషం అంటని మనిషి ఊళ్లో ఒకరే ఉన్నారు. పడవ కూడా ఉంది. అది నాకెటూ పనికిరాదు, ఆవిడకిచ్చేశాను" అని, సైడర్ తాగేసి వెళ్లిపోయాడు. ఆయన మోకాళ్ల నొప్పులు ఇంకా తగ్గలేదు.

అవును, పడవ నాదే. పిల్లలు దాని ముక్కుకి రెండు వైపులా రెండు పొడుగు చెవులు బొమ్మ గీశారు. తుద్వాల్ గారు రేవులో దాన్ని దాటేటప్పుడు మొహం అటు తిప్పుకుంటాడు గానీ, పొద్దున నేను కట్టిన ముడి చూసి విప్పి మళ్లీ సరిగ్గా కట్టడం కిటికీలోంచి చూశాను.

జోబ్ నాకు టపా సంచి ఇచ్చేశాడు. అందులో నీ పత్రికలున్నాయి, అమ్మ మేజోళ్లున్నాయి, మూడు బుట్టల క్యాబేజీ విడిగా ఉంది. ఈ ఉత్తరం కతెల్ చేతిలో ఉంది. అది నాకంటే ముందు నీ రాళ్ల మీదికి దూకి నీకిస్తుంది. నేనింకా చుక్కాని దగ్గరే ఉన్నాను, గట్టుకీ పడవకీ మధ్య జానెడు నల్లటి నీళ్లున్నాయి, నాకేం భయం లేదు.

చదివింది చాలు. కాగితం జేబులో పెట్టుకుని, తాడు పట్టుకో.

మరివోన్